మూడో షెడ్డు కొలతలు

మొదటిసారి వెళ్ళినప్పుడు
కప్పు మీద బిర్చి మొక్కలు, లోపల
చీలమండ లోతు పావురాల రెట్ట.
నా చేతిలో లేజరు, టేపు, తడిసిన నోటుబుక్కు.
పొడవు నూట పన్నెండు మీటర్లు.
ఇనుప స్తంభాలు అరవై ఎనిమిది.
రంపప్పళ్ళ కప్పు. అద్దాలన్నీ ఉత్తరం వైపు:
ఎండ రాకూడదు, వెలుగు రావాలి.
అద్దాలు సగం లేవు.
వెలుగు మాత్రం
అలవాటుగా డ్యూటీకి వస్తోంది.

ఈ ఊరి పేరు ఊచ్. పోలిష్‌లో పడవ అని.
ఏళ్ళున్నాయట గానీ పైకి కనపడవు.
మిల్లులు రంగునీళ్ళు కలిపీ కలిపీ
చివరికి గొట్టాల్లో తోసి మీద రోడ్డేశారు.
ఇక మిగిలినవి మగ్గాల్లో నాడెలే.
నాడెని ఇక్కడ 'చిన్న పడవ' అంటారు.
నిమిషానికి రెండొందల సార్లు
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి,
ఎవర్నీ ఎక్కించుకోకుండా.

దారి చూపడానికి మున్సిపాలిటీ ఒకావిడని పంపింది.
గెనొవేఫా. పాతికేళ్ళు ఇదే షెడ్డులో నేత.
చెవులు రెండూ మిల్లు తినేసింది.
నేను గోడకేసి చూస్తూ ఏదో అడిగితే కసిరింది:
"మొహం ఇటు పెట్టు.
నీ మాట నాకు నీ నోటి దగ్గరే దొరుకుతుంది."

నడిచింది, తిన్నగా కాదు,
లేని మగ్గాల మధ్య సందుల్లోంచి
ఒక భుజం వంచి, కోటు అంచు పొట్టకి అదిమి
(తోలు బెల్టు లాగేస్తుందని).
ఒకచోట ఆగి చెప్పుతో రెట్ట గీకింది.
కింద చెక్కలో రెండు గుంటలు,
ఆమె రెండు మడమలు.
ఆ సందుల్ని నా డ్రాయింగులో
చుక్కల గీతతో వేసుకున్నాను.
అదేమిటని ఆఫీసులో ఎవరూ అడగలేదు.

మొదట ఫ్లాట్లన్నారు.
బొమ్మలో బాల్కనీ, బాల్కనీలో సైకిలు,
సైకిలు పక్కన నవ్వే జంట.
వార్సా కంపెనీ లెక్క చూసుకుని వెనక్కెళ్ళింది.
కొనేవాళ్ళ కంటే ఊరొదిలేవాళ్ళు ఎక్కువ.
తర్వాత గోడౌనన్నారు. పుట్టగొడుగులన్నారు.
మూడు చలికాలాలు నా కాగితాలు
చుట్ట విప్పకుండానే పసుపెక్కాయి.
చివరికి వచ్చింది కిడ్నీల ఆసుపత్రి.
ముసలి ఊరికి ఇంకేం కావాలి.

ఆమెకి చెబితే ఒక్కటే అడిగింది:
"కుర్చీలేస్తారా?"
ముప్పై రెండు, అన్నాను. వెనక్కి వాలేవి.
"మూడో షెడ్డులో? కూర్చోడమా?"
ఆ నవ్వుకి పావురాలు లేచిపోయాయి.

నిరుడు కప్పు కారుతోందని పిలిస్తే వెళ్ళాను.
తెల్లటి గోడలు. అద్దాలన్నీ ఉన్నాయి.
స్తంభాలకి మాత్రం పాత ఆకుపచ్చే ఉంచారు.
పంతొమ్మిదో కుర్చీలో గెనొవేఫా.
మోచేతి నుంచి రెండు గొట్టాలు,
ఎర్రపోగు వెళ్తోంది, ఎర్రపోగు వస్తోంది,
పడుగు ఎక్కడుందో తెలియని నేత.
"వారానికి మూడు షిఫ్టులు," అంది,
"షిఫ్టుకి నాలుగ్గంటలు. జీతం లేదు.
కానీ చూడు, కూర్చోబెట్టారు."

అటు వరసలో, పది మీటర్ల అవతల
జ్దిస్వావా, ఒకప్పటి పక్క మగ్గం.
ఇద్దరూ పెదాలతోనే మాట్లాడుకుంటున్నారు,
కబురు మీద కబురు, ఒక్క చప్పుడు లేదు.
ప్రార్థన చేసుకుంటున్నారనుకుని
ఖార్కివ్ నుంచి వచ్చిన నర్సు రుస్లానా
కొత్తలో అడుగుల చప్పుడు కాకుండా నడిచేదట.
ఏం ప్రార్థన. నా బూట్ల గురించి ఏదో అనుకున్నారు,
ఇద్దరూ ఒకేసారి కిందికి చూశారు.

కప్పు కారడం లేదు. ఏసీ గొట్టం చెమట.
రాసుకుంటున్నాను.
పంతొమ్మిదో యంత్రం కూత పెట్టింది.
గెనొవేఫాకి వినపడలేదు.
ఎర్రదీపం ఆమె వీపు వెనక.
అటునుంచి జ్దిస్వావా చూసింది,
ఖాళీగా ఉన్న చెయ్యి నిటారుగా పైకెత్తింది.
పోగు తెగితే పక్కమగ్గం వాళ్ళు అలాగే ఎత్తేవాళ్ళట.
రుస్లానా వచ్చింది,
ట్రాలీల మధ్య ఒక భుజం వంచి,
నా చుక్కల గీత మీదుగా.